కోతకు అదను



మా దివిసీమ వైపు ఆడవాళ్ళు ఒంట్లో బాగోలేదని తెలిసినా డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి పొలం పనుల లెక్క చూసుకుంటారు. నాట్లు అయ్యాక వెళ్తానంటారు. నాట్లు అయితే కోతలు వస్తాయి. కోతలు అయితే మినుము పీకాలి. ఆ తరవాత కూతురి పురుడు, పిల్లవాడి పరీక్షలు, ఇంటాయన మోకాళ్ళ నొప్పులు. తన కడుపులో ఉన్న గడ్డ వంతు అన్నిటికన్నా చివర. గడ్డకు మాత్రం ఈ వంతులు తెలియవు. దాని మానాన అది పెరుగుతూనే ఉంటుంది.

నేను కడుపులోనూ పొత్తికడుపులోనూ పుట్టే గడ్డలకు ఆపరేషన్లు చేసే సర్జన్ని. పుట్టింది చల్లపల్లి పక్క పల్లెలో. ఈ కాసేపట్లో మీతో ఒక్క సంగతే మాట్లాడదామని వచ్చాను. కోతకు అదను ఉంటుంది. గింజ పాలు పోసుకునే వేళ కోస్తే చేతికి తాలు వస్తుంది. అదను దాటాక కోస్తే గింజ చేలోనే రాలిపోతుంది. వరి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒంటి మీద కోత సంగతీ ఇంతే. మన జిల్లాలో ఈ రెండు పొరపాట్లూ నేను చూస్తున్నాను. కోయనక్కర్లేనివాళ్ళకు కోత ముందే పడిపోతోంది. కోయవలసినవాళ్ళు అదను దాటాక వస్తున్నారు.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. సాయంత్రం పూట ఆకాశవాణిలో పాడిపంటలు కార్యక్రమం వింటూ చేటలో బియ్యం ఏరేది. నేను వైద్య కళాశాలలో నాలుగో ఏడు చదువుతున్న రోజులవి. ఆవిడకు దొడ్డికి వెళ్ళినప్పుడల్లా నెత్తురు పడేది. ఏడాదిన్నర పాటు ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. చివరికి చెప్తే ఊళ్ళో ఒకాయన మొలలన్నాడు. పట్నంలో ఇంకొకాయన కూడా మొలలేనని బిళ్ళలూ పూతమందూ ఇచ్చాడు. ఇద్దరిలో ఒక్కరూ చేతికి తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చెయ్యలేదు. పేగు పూర్తిగా మూసుకుపోయి, వాంతులు పట్టుకున్నాక పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. అప్పటికి కేన్సర్ లివర్‌కి పాకిపోయింది. పొట్ట మీద దారి చేసి సంచి అమర్చడం తప్ప సర్జన్లు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఆ సంచికి అలవాటు పడకముందే పెద్దమ్మ వెళ్ళిపోయింది. ఆవిడ గడ్డ వేలికి అందేంత దూరంలోనే ఉందని మా ప్రొఫెసరుగారు అన్నారు. ఆ మాట విన్నరోజు హాస్టలుకు నడిచి వెళ్ళిన దారి నాకింకా గుర్తుంది.

సిగ్గు వల్ల పోయిన ప్రాణం అది. సిగ్గు ఆవిడ ఒక్కదానిదే కాదు. అడగవలసినవాళ్ళు అడగకపోవడమూ సిగ్గే. అందుకే మా చల్లపల్లిలో ఒక పని నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. 2014 నవంబరు 12న అక్కడ స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం మొదలైంది. ఒక డాక్టర్ల జంట ముందు నడిచారు. ఊరివాళ్ళు చీపుళ్ళు, పారలు పట్టుకుని తెల్లవారకముందే రోడ్ల మీదికి వచ్చారు. రోడ్డు పక్కన బహిర్భూమికి కూర్చోవడం గురించి నోరు తెరిచి మాట్లాడారు. పదిమందిలో ఎత్తకూడదనుకునే మాటను ఊరు ఊరంతా మాట్లాడగలిగినప్పుడు, దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోందన్న మాటను ఒక మనిషి డాక్టరుతో చెప్పలేకపోతుందా?

కడుపు విశాలమైన చోటు. మెదడులో గోళీకాయంత గడ్డ పుడితే చెయ్యో కాలో పడిపోవచ్చు, అందరికీ తెలిసిపోతుంది. కడుపులో బత్తాయంత పెరిగినా పేగులు పక్కకు జరిగి చోటిస్తాయి. అందుకే ఇక్కడి గడ్డలు గట్టిగా మాట్లాడవు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. లంగా బొందు బిగుతవుతుంది, జాకెట్టు మాత్రం వదులవుతుంది. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలనిపిస్తుంది. వీటిని మనం గ్యాస్ అంటాం, వయసు అంటాం, నీరు చేసిందంటాం. అండాశయంలో పుట్టే కేన్సర్ చెప్పే కబుర్లు ఇవే. రెండు మూడు వారాల పాటు రోజూ ఇలా ఉంటే గ్యాస్ బిళ్ళ పక్కన పెట్టి, పొత్తికడుపు స్కాన్ తీయించుకోండి.

ఇంకో మాట. గడ్డ పెద్దదైతే చెడ్డది, చిన్నదైతే మంచిది అనుకోకండి. పుచ్చకాయంత పెరిగి కూడా కేన్సర్ కాని గడ్డలుంటాయి. చిక్కుడు గింజంత ఉండగానే పక్కకు పాకేవీ ఉంటాయి.

కడుపు తెరిచి గడ్డ తీసే ఆపరేషన్లకు తొలి అడుగు పడింది ఒక పల్లెటూరి స్త్రీ ధైర్యం వల్ల. అమెరికాలో కెంటకీ అనే రాష్ట్రంలో జేన్ క్రాఫర్డ్ అనే ఆవిడకు కడుపు పెరుగుతూ వచ్చింది. నెలలు నిండి దాటినా పురుడు రాలేదు. ఎఫ్రాయిం మెక్‌డవల్ అనే డాక్టరు వచ్చి చూసి, ఇది కాన్పు కాదమ్మా, అండాశయంలో గడ్డ అని చెప్పాడు. ఇంతవరకు ఇలాంటి గడ్డను కోసి తీసినవాళ్ళు లేరనీ, బతుకుతావని మాట ఇవ్వలేననీ కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ ఒప్పుకుంది. గుర్రం మీద ఆయన ఊరికి దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. చల్లపల్లి నుంచి బెజవాడ కన్నా ఎక్కువ దూరం అది, ఆ కడుపుతో. 1809 క్రిస్మస్ రోజున, మత్తుమందు అన్న మాటే లేని కాలంలో, ఆవిడ బల్ల మీద పడుకుని భక్తిగీతాలు పాడుకుంటూ ఉండగా 25 నిమిషాల్లో ఆయన 10 కిలోల గడ్డ తీశాడు. అయిదో రోజున చూడబోతే ఆవిడ లేచి తన పక్క తానే సర్దుకుంటోంది. ఆ తరవాత ముప్పై ఏళ్ళకు పైగా బతికింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది డాక్టరు చేతివేగం కాదు, కోతకు ముందు ఆ ఇద్దరి మధ్య జరిగిన మాటలు.

ఇవాళ మత్తుమందు ఉంది, రక్తం ఉంది, యాంటీబయాటిక్స్ ఉన్నాయి. అయినా పనితనం ఎక్కడుందో చెప్తాను. ఎండాకాలం తాటిముంజలు తింటారు కదా. కాయలోంచి ముంజను పైపొర చిరగకుండా తీస్తే లోపలి నీరు లోపలే ఉంటుంది. గోరు తగిలిందా, నీరంతా చేతిమీద కారిపోతుంది. అండాశయం గడ్డ అచ్చం అలాంటిదే. పొర చిట్లకుండా గడ్డను ముంజలా బయటికి తీస్తే, అది కేన్సరే అయినా, అప్పటికే బయటికి పాకి ఉండకపోతే, మొదటి దశలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. చిట్లి ఆ నీరు కడుపులో చిందితే మెట్టు మారిపోతుంది, ఆ తరవాత కీమో కావలసి రావచ్చు. గర్భసంచి గడ్డలను చిన్న రంధ్రంలోంచి ముక్కలు చేసి తీసే యంత్రాల గురించి 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా ఇందుకే. గడ్డలో ఎప్పుడో అరుదుగా కేన్సర్ దాగి ఉంటే, ఆ ముక్కలతో కడుపంతా విత్తనాలు చల్లినట్టవుతుంది. రంధ్రం చిన్నదా పెద్దదా అన్నది తరవాతి సంగతి. గడ్డ చెదరకుండా వచ్చిందా అన్నది మొదటి సంగతి.

మా పెద్దమ్మకు వచ్చినది, పెద్దపేగు చివర మలద్వారం దగ్గర పుట్టే కేన్సర్. దానికి ఇంగ్లండులో బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో ఒక దారి చూపించాడు. ఆ పేగు చుట్టూ పలచని పొరలో చుట్టిన కొవ్వు ఉంటుంది. కేన్సర్ మొదట పాకేది ఆ కొవ్వులోకే. అంతకుముందు సర్జన్లు ఆ చోట చేత్తో విడదీసేవారు, కొవ్వు కొంత లోపలే మిగిలిపోయేది, గడ్డ మళ్ళీ వచ్చేది. పొర బయటి అంచు పట్టుకుని కళ్ళతో చూస్తూ మొత్తం మూటలా తీస్తే మళ్ళీ రావడం బాగా తగ్గిపోతుందని ఆయన చేసి చూపించాడు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఎక్కడ కోయాలో తెలియడమే. ముందు రేడియేషన్ ఇచ్చి, తరవాత ఇలా ఆపరేషన్ చేస్తే చాలామందికి పొట్ట మీద శాశ్వతంగా సంచి ఉండనక్కర్లేదు. సంచికి భయపడి ఆసుపత్రికి రానివాళ్ళు ఈ ముక్క వినాలి. తొందరగా వచ్చినవాళ్ళకే సంచి తప్పే వీలు ఎక్కువ.

కోయకముందే లోపల ఏముందో చూడగలగడం మన తరానికి దక్కిన భాగ్యం. అందులో మా వైపు మనిషి ఒకాయన ఉన్నారు. డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారు 1925లో పెదముత్తేవిలో రైతు కుటుంబంలో పుట్టారు. చల్లపల్లిలో హైస్కూలు చదువు, బందరు హిందూ కాలేజీ, విశాఖలో వైద్యం. అమెరికా వెళ్ళి రేడియాలజీలో పేరు తెచ్చుకున్నారు. ఆయన చదువుకున్న రోజుల్లో ఎక్స్‌రేలో కనిపించే నీడను బట్టి లోపలి గడ్డను ఊహించాలి. సి.టి. స్కాన్‌తో తొలిసారి ఒక రోగిని పరీక్షించింది 1971లో. సుబ్బారావుగారు హైదరాబాదు వచ్చి నిమ్స్ ఆసుపత్రికి తొలి డైరెక్టరు అయ్యేనాటికి కడుపును అరటికాయ చక్రాల్లా పొరపొరగా చూడగలిగే రోజులు వచ్చాయి. గడ్డ ఏ రక్తనాళాన్ని అంటుకుంది, లివర్‌లో మచ్చ ఉందా, పేగుల మీద పమిటలా జారే కొవ్వుపొరకు పాకిందా అన్నది ఇవాళ కత్తి ముట్టుకోకముందే తెలుస్తుంది. కాబట్టి ఎవరైనా మీకు కడుపు తెరిచి చూద్దాం, ఉంటే తీసేద్దాం అంటే, స్కాన్ ఏం చెప్పిందండీ అని అడగండి. అది డాక్టరును అవమానించడం కాదు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ఇప్పుడు ఆ రెండిట్లో ఇంకో పొరపాటు, అక్కర్లేని కోత. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు బాధా కోపమూ రెండూ వస్తాయి. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. మన ఆడవాళ్ళ గర్భసంచులు మిగతా దేశపు ఆడవాళ్ళ గర్భసంచులకన్నా మూడింతలు చెడ్డవా? కాదు. తెల్లబట్ట అవుతోందని వెళ్ళిన ముప్పై ఏళ్ళ పిల్లకు, నీకు పిల్లలు పుట్టేశారు కదా, ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది, తీసేద్దాం అని చెప్పేవాళ్ళున్నారు. కేన్సర్ అన్న మాట వినగానే ఇంట్లోవాళ్ళు నగ తాకట్టు పెడతారు. తెల్లబట్ట చాలామటుకు మందుతో తగ్గుతుంది. గర్భసంచిలో గడ్డలు, డాక్టర్లు ఫైబ్రాయిడ్లు అనేవి, కేన్సర్‌గా తేలడం చాలా అరుదు. ఎన్నో కేసుల్లో అవి ముట్లు ఆగిపోయే వయసుకు తామే కుంచించుకుపోతాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళ మనిషికి ఒంట్లో యాభై ఏళ్ళు వచ్చినట్టవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెకు కాపు తగ్గుతుంది. ఇంత పెద్ద కష్టం నెత్తిన వేసుకుని ఆవిడ మళ్ళీ నాట్లకు వంగాలి. అక్కర్లేని ఈ ఆపరేషన్లను అరికట్టే నియమాలు అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పవలసి వచ్చింది.

గర్భసంచి తీయకూడదని నేను అనడం లేదు. తీయవలసినవాళ్ళున్నారు. నేనే ఎందరికో తీశాను. కానీ తీసేముందు మూడు పనులు జరిగాయా అని అడగండి. స్కాన్ తీశారా? గర్భసంచి ముఖద్వారం దగ్గర పరీక్ష చేశారా? నెత్తురు ఎక్కువ పోతుంటే, ముట్లు ఆగిపోయాక మళ్ళీ కనిపిస్తే, లోపలి పొర చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా? ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఈ పరీక్షలు లేకుండా మామూలు ఆపరేషన్ చేసేసి, తీసిన గర్భసంచిని పరీక్షకు పంపాక అందులో ముఖద్వారం కేన్సర్ బయటపడినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. ముఖద్వారం కేన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు. చుట్టూ ఉన్న కణజాలం, లింఫు గ్రంథులు కలిపి తీస్తాం. వియన్నాలో వెర్ట్‌హైమ్ అనే సర్జన్ 1898లోనే ఆ పద్ధతి మొదలుపెట్టాడు. అది కూడా తొలిదశలోనే. దశ ముదిరితే కత్తి పనికిరాదు, రేడియేషన్, కీమో పనిచేస్తాయి. తెలియక చేసిన మామూలు కోత అటూ ఇటూ కాకుండా చేస్తుంది. తొందరపాటు, ఆలస్యం, రెండు తప్పులూ ఒకే మనిషి మీద ఒకేసారి పడటం అంటే ఇదే.

ఆ ముఖద్వారం కేన్సర్ అసలు రాకుండా చూసుకోవచ్చు. అది ఒక వైరస్ వల్ల వస్తుంది, ముదరడానికి పదేళ్ళకు పైనే పడుతుంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు టీకా ఉంది. ముప్పై దాటిన స్త్రీలకు ఒక చిన్న పరీక్ష ఉంది. వెనిగర్‌లాంటి పలచని ద్రావణం ముఖద్వారం మీద అద్ది ఒక్క నిమిషం ఆగితే, మారిన చోటు తెల్లగా కనిపిస్తుంది. ముంబయి బస్తీల్లో టాటా ఆసుపత్రివాళ్ళు పెద్ద చదువులు లేని స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, దాదాపు లక్షన్నర మంది స్త్రీలతో పన్నెండేళ్ళ పాటు ఒక పరిశీలన నడిపారు. ఈ పరీక్ష జరిగిన వాడల్లో ఆ కేన్సర్ చావులు నూటికి 31 వంతులు తగ్గాయి. నేను బతుకంతా కత్తి పట్టుకుని సాధించగలిగినదానికన్నా అది ఎక్కువ.

అన్ని గడ్డలకూ కత్తి మందు కాదని చెప్పడానికి ఇంకో రెండు మాటలు. కడుపులో నీరు చేరి, గడ్డలు కనిపించి, రక్తపరీక్షలో కేన్సర్ సూచిక పెరిగి, అందరూ ఆశ వదులుకున్నాక, ముక్క తీసి చూస్తే అది కడుపు క్షయ అని తేలినవాళ్ళున్నారు. ఆరు నెలల మందులతో ఇంటికి వెళ్ళారు. కడుపులో నీరు తీయించుకున్నప్పుడు ఆ నీటిని పారబోయనివ్వకండి, పరీక్షకు పంపమని చెప్పండి. రెండోది, గర్భసంచిలో ముత్యాల గర్భం తరవాత వచ్చే ఒక కేన్సర్. ఒకప్పుడు అది ప్రాణాలు తీసేది. 1956లో అమెరికాలో లి, హెర్ట్జ్ అనే డాక్టర్లు మెథోట్రెక్సేట్ అనే మందుతో దాన్ని పూర్తిగా నయం చేశారు. ఆ మందు పుట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన పరిశోధనల్లోంచి. ఇవాళ ఆ జబ్బు వచ్చిన చాలామంది అమ్మాయిలు గర్భసంచి తీయించుకోకుండానే బాగుపడి, తరవాత బిడ్డల్ని కంటున్నారు. మన మంటాడలో పుట్టిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడుగారు న్యూయార్కులో పేరు పొందింది కూడా కత్తితో కాదు, గడ్డ పక్కనే రేడియేషన్ పెట్టి కాల్చే పద్ధతితో.

పామర్రు పక్కన ఎన్.టి. రామారావుగారి ఊరు నిమ్మకూరు మనకు తెలుసు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో భార్య బసవతారకంగారు కేన్సర్‌తో పోయారు. ముఖ్యమంత్రి ఇంట్లో మనిషిని కూడా ఆ జబ్బు వదల్లేదు. ఆవిడ పేరున హైదరాబాదులో కేన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. ఆ రోజుల్లో మన వాళ్ళు కేన్సర్ అనగానే హైదరాబాదుకో, వెల్లూరుకో, మద్రాసుకో రైలెక్కేవారు. పొలం అమ్మి ఎక్కేవారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాడు కూడా కేన్సర్ ఆపరేషన్ బల్ల దాకా రాగలుగుతున్నాడు. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. డబ్బు లేదన్న భయంతో ఇంట్లో కూర్చోవద్దు. రేషను కార్డు, ఆధార్ పట్టుకుని ప్రభుత్వాసుపత్రిలో ఆ పథకం చూసే మనిషిని కలవండి.

నాలుగేళ్ళ కిందట నవంబరులో ఒకావిడ వచ్చింది. కృష్ణ అవతలి ఒడ్డు కనిపించే లంక ఊరు. నలభై ఏడేళ్ళు. కడుపు ఏడో నెలంత ఉంది. తోడికోడలు బలవంతాన బస్సెక్కించి తెచ్చింది.

"కోతలు అవనివ్వండి డాక్టరుబాబూ, సంక్రాంతి వెళ్ళగానే వస్తా," అంది.

"చేను ఒరిగిపోయాక కొడవలి పట్టుకుంటే ఏం లాభం అమ్మా?" అన్నాను.

ఆవిడ కాసేపు తోడికోడలి వంక చూసింది. ఆ రాత్రికే ఆసుపత్రిలో ఉండిపోయింది. స్కాన్ చూశాం, రక్తపరీక్షలు చూశాం. పొట్ట నిలువుగా తెరిచి, తొందరపడకుండా, చేతులు చాచి ఆ గడ్డను ముంజలా బయటికి తీశాం. ఏడు కిలోలు. పొర చిట్లలేదు. లోపల ఒక మూల కేన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది గానీ, అది పొర దాటలేదు. కీమో అక్కర్లేకపోయింది. ఇంటికి వెళ్ళేరోజు అడిగిన మాట, మినుము పీకడానికి వంగొచ్చా అని. ఈ ఏడు వద్దమ్మా అన్నాను.

అప్పటినుంచి పరీక్షకు ఏ తారీఖు చెప్తే ఆ తారీఖుకు వస్తోంది. మొన్న వచ్చినప్పుడు వెంట ముప్పై ఒక్కేళ్ళ కోడలు ఉంది. ఆ పిల్ల తలుపు దగ్గరే సిగ్గుపడుతూ నిలబడింది. ఏమ్మా, ఏమిటి నీ బాధ అని అడిగాను. అత్తగారే అందుకుంది.

"దీనికి ఏ బాధా లేదు బాబూ. అందుకే తీసుకొచ్చా. ఆ వెనిగర్ పరీక్ష చేయించండి."